పదహారు ప్యాడ్‌లలో తాత డప్పు

(హన్మకొండలో ఒక ఆదివారం ఉదయం, ఫోన్‌లో సంగీతం చేసే కుర్రవాళ్ల ముందు ఇచ్చిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. మాట్లాడే ముందు ఒకటి వినిపిస్తాను. ఫోన్‌ను స్పీకర్‌కి తగిలించాను.

(ఫోన్ మీద ఒక దెబ్బ వినిపించారు. ఆగి, అదే దెబ్బ మళ్లీ రెండుసార్లు.)

విన్నారా? దెబ్బ పడగానే గుండె మీద తగిలినట్టు ఒక మోత. అది అయిపోతుండగా వెనకాల సన్నగా ఒక జీర. ఈగ ముసిరినట్టు ఉంటుంది. ఆ జీర ఎక్కడిదో నాకు తెలుసు. ముందు వరసలో కూర్చున్న ఈ తాత డప్పుకి ఒక పక్క తోలు కొంచెం చినిగితే, ఆయనే అతుకు వేసుకున్నారు. ఆ అతుకు వణికినప్పుడు వచ్చే చప్పుడు అది. ఈ భూమ్మీద ఇంకే డప్పుకీ ఆ జీర ఉండదు.

మూడేళ్ల కిందట నేను మొదటిసారి డప్పు కిట్, అంటే ప్యాడ్‌లు నొక్కితే మోగే డప్పు చప్పుళ్ల కట్ట, తయారు చేశాను. రికార్డు చేసిన చప్పుళ్లను ప్యాడ్‌ల మీద పెట్టి వాయించే శాంప్లర్ యాప్ అప్పుడు నాకు కొత్త. ఫోన్‌లో తబలా దొరికింది, కోంగా డ్రమ్ము దొరికింది, 808 అనే పాత డ్రమ్ మెషీన్ కిట్‌లు డజన్ల కొద్దీ దొరికాయి. డప్పు మాత్రం నా యాప్‌లో కనిపించలేదు. మా ఊరికి పోయి, తాతతో అరగంట కొట్టించుకుని, పదహారు ముక్కలు కోసి, ఒక పేరు పెట్టి గ్రూపుల్లో పంచేశాను. ఆ పేరులో తెలంగాణ ఉంది, డ్రమ్స్ ఉంది. తాత లేరు. ఎవరు కొట్టారో ఒక్క ముక్క రాయలేదు. అంత తట్టలేదు కూడా.

కొన్ని నెలలకు ఒక పెళ్లి బరాత్‌లో డీజే బాక్సుల నుంచి ఒక బీట్ వచ్చింది. తాత మనవడు అక్కడ ఎగురుతున్నాడు. ఎగిరేవాడు ఆగిపోయాడట. "ఇది మా తాత డప్పు" అన్నాడట. పక్కనున్నవాళ్లు నమ్మలేదు. వాడు ఆ జీర పట్టుకున్నాడు. చిన్నప్పటి నుంచి విన్న చప్పుడు కదా. ఇంటికి పోయి తాతకు చెప్పాడు. తాత నన్ను కోప్పడలేదు. తర్వాత కలిసినప్పుడు ఒక్క మాట అడిగారు: "పెండ్లిల కొట్టింది నేనే అని ఆళ్లకు ఎట్ల ఎరుక బిడ్డా?"

నా దగ్గర జవాబు లేదు. ఈ రోజు మీకు చెప్పబోయేదంతా ఆ ప్రశ్నకు తర్వాత నేను వెతుక్కున్న జవాబే. కిట్ ఎలా తయారు చేయాలన్నదీ, ఎలా పంచాలన్నదీ నాకు ఇప్పుడు రెండు వేర్వేరు పనులుగా కనిపించవు. అందుకే రెండూ కలిపే చెబుతాను.

మొదట కాస్త చరిత్ర, త్వరగా. నిజమైన డ్రమ్ములను రికార్డు చేసి వాటి చప్పుళ్లనే మీటల మీద పెట్టిన మొదటి డ్రమ్ మెషీన్ లిన్ ఎల్ఎమ్-1. అమెరికాలో రోజర్ లిన్ అనే ఆయన చేశారు, 1980లో బయటికి వచ్చింది. ధర దాదాపు 5,000 డాలర్లు. అంత ధరకీ అందులో పెద్ద తాళం, అంటే క్రాష్ సింబల్, లేదు. ఎందుకంటే సింబల్ మోత చాలాసేపు సాగుతుంది, అంత పొడుగు చప్పుడు దాచడానికి కావలసిన మెమరీ ఆ రోజుల్లో బంగారం. అదే 1980లో జపాన్ నుంచి రోలాండ్ కంపెనీ టీఆర్-808 తెచ్చింది. అందులో రికార్డు చేసిన చప్పుళ్లేమీ ఉండవు, అన్నీ సర్క్యూట్‌లు పుట్టించినవే. ఇప్పుడు మీ యాప్‌లలో 808 కిట్ అని దొరికేది ఆ యంత్రాన్ని రికార్డు చేసిందో, దాన్ని అనుకరించిందో అయి ఉంటుంది. 1988లో అకాయ్ కంపెనీ ఎంపీసీ60 వచ్చింది. దీని వెనకా రోజర్ లిన్ ఉన్నారు. నాలుగు అడ్డం, నాలుగు నిలువు, మొత్తం పదహారు రబ్బరు ప్యాడ్‌లు. మీ ఫోన్‌లో కోవాలా శాంప్లర్ తెరవండి, ఎఫ్ఎల్ స్టూడియో మొబైల్ తెరవండి, ఆ ప్యాడ్‌ల పద్ధతి కళ్ల ముందే ఉంటుంది. కోవాలాలో అయితే అలాంటి పదహార్లు నాలుగు, మొత్తం 64 చప్పుళ్లు పెట్టుకోవచ్చు. అప్పట్లో సింబల్‌కి చోటు దొరకని చోట ఇప్పుడు మనకి ఊరేగింపు మొత్తం పడుతుంది.

సరే, తాత దగ్గరికి వద్దాం.

రెండోసారి వెళ్లినప్పుడు ముందే అన్నీ చెప్పి కూర్చున్నాను. ఏం చేస్తాను, ఎక్కడ పెడతాను, ఎవరు వాడతారు అన్నీ. ఆయన సరే అన్నారు. నేను ఫోన్ ఆన్ చేసి, "తాతా, ఒక్క దెబ్బ కొట్టు" అన్నాను. ఆయన నా మొహం చూసి, "ఏ దెబ్బ?" అన్నారు. "ఏదైనా ఒక్కటి చాలు" అన్నాను. ఆయన డప్పు భుజాన సర్దుకుని, కాలు కదిపి, ఒక వరస అందుకున్నారు. రెండు నిమిషాలు ఆగకుండా కొట్టారు. ఆపి, "ఇది ఒక దెబ్బ" అన్నారు.

అప్పుడు వెలిగింది నాకు. మనం చదువుకున్నవాళ్లం దెబ్బ అంటే ఒక్క కొట్టుడు అనుకుంటాం. డప్పు కొట్టేవాళ్లకి దెబ్బ అంటే ఒక వరస, ఒక నడక. పెళ్లికి ఒక దెబ్బ, బోనాలకు ఒక దెబ్బ, చాటింపుకి ఒకటి, చావుకి ఒకటి. యాప్‌కి కావలసింది ఆ నడకను విడగొట్టిన ముక్కలు. ఆయన చేతికి మాత్రం ముక్కలు తెలియవు, నడకే తెలుసు. విడిగా ఒక్కటి కొట్టమంటే కొట్టారు గానీ అది బడిపిల్లవాడు అక్షరం దిద్దినట్టు వచ్చింది. బిగుసుకుపోయింది. అదే సిర్ర, అదే తోలు, అదే మనిషి, కానీ చప్పుడులో పస లేదు.

కాబట్టి నా మొదటి సలహా ఇదే. ఎవరితోనైనా, ఏ వాయిద్యాన్నైనా రికార్డు చేస్తే ముందు వాళ్లను హాయిగా వాయించనివ్వండి. పది నిమిషాలు, పావుగంట. రికార్డు నడుస్తూనే ఉండాలి. తర్వాత నడక నెమ్మది చేయమనండి. దెబ్బకీ దెబ్బకీ మధ్య మోత చచ్చేంత ఖాళీ వచ్చేదాకా నెమ్మది చేయమనండి. మనిషి నడక మర్చిపోడు, లోపల లెక్క నడుస్తూనే ఉంటుంది, అందుకే చెయ్యి బిగుసుకోదు. తాత కిట్‌లో ఉన్న మంచి చప్పుళ్లన్నీ అలా వచ్చినవే. రెండు గంటల్లో రెండు వందలకు పైగా దెబ్బలు దొరికాయి. ఉంచుకున్నవి పదహారు.

డప్పు తెలియనివాళ్లు ఇక్కడ ఉంటే రెండు మాటలు. గుండ్రటి కట్టు, దానికి ఒక పక్క బిగించిన తోలు. భుజానికి వేలాడుతుంది. కుడి చేతిలో పొట్టి పుల్ల, దాన్ని సిర్ర అంటారు. ఎడమ చేతిలో సన్నటి పొడుగు పుల్ల, అది చిటికెన పుల్ల. సిర్ర నడుమ పడితే ఒక మోత, అంచు దగ్గర పడితే ఇంకో మోత. చిటికెన పుల్ల వాటి మధ్య ఖాళీలను కుడుతూ పోతుంది. తోలు మీద చేతిని ఆనించి కొడితే మోత అక్కడికక్కడే తెగిపోతుంది. ఇన్ని రకాలున్నాయి. వీటిలో ఏదీ డ్రమ్ సెట్‌లోని పెద్ద డ్రమ్ము "కిక్" కాదు, చిన్న డ్రమ్ము "స్నేర్" కాదు. నేను మొదటి కిట్‌లో ఆ పేర్లే పెట్టాను. ఇప్పుడు సిర్ర నడుమ, సిర్ర అంచు, చిటికెన, ఆపిన దెబ్బ అని పెడతాను. దాన్ని వాడే కుర్రాడు ఏ దేశంలో ఉన్నా కనీసం ఆ నాలుగు మాటలు నేర్చుకుంటాడు.

రికార్డింగ్‌లో మొదటి శత్రువు మన ఫోనే. ఫోన్ మైకు మాటల కోసం తయారైంది. మామూలు వాయిస్ రికార్డర్ యాప్ తెరిస్తే, చాలా ఫోన్లలో అది చప్పుడును తనకు తానే సర్దేస్తుంది. గట్టిగా వస్తే నొక్కుతుంది, మెల్లగా వస్తే పెంచుతుంది, మాట కానిదాన్ని రొద అనుకుని తుడిచేస్తుంది. డప్పు మోత దానికి రొదే! నా తొలి రికార్డింగ్‌లలో దెబ్బ పడిన తర్వాత తోక కత్తిరించినట్టు మాయమైంది. తాత కొట్టడంలో తప్పేమో అనుకున్నాను. తప్పు నా సెట్టింగ్‌ది. చప్పుడును కుదించకుండా దాచే వేవ్ ఫార్మాట్‌లో, ఏ సర్దుబాటూ లేకుండా రికార్డు చేసే యాప్ వాడండి. రొద తగ్గించే మీటా, చప్పుడును తనకు తానే పెంచి తగ్గించే ఆటోమేటిక్ గెయిన్ మీటా ఉంటే రెండూ ఆపేయండి. ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. నడుమలో ఫోన్ మోగితే ఆ వరస మళ్లీ రాదు.

ఫోన్ ఎంత దూరం? డప్పుకి ఎదురుగా ఒక అడుగులో పెడితే చప్పుడు పగిలిపోతుంది. ఆ పగిలినదాన్ని తర్వాత ఏ యాపూ బాగు చేయలేదు. నేను మూడు నాలుగు అడుగుల దూరంలో, తోలుకి నేరుగా కాకుండా కొంచెం పక్కకు పెడతాను. గదిలో గోడలు ఉత్తవిగా ఉంటే ప్రతి దెబ్బా రెండు దెబ్బల్లా వినిపిస్తుంది. మేం తాత ఇంట్లో దండెం మీద బొంతలు వేలాడదీశాం, ఒక మూలకి పత్తి బస్తాలు జరిపాం. గది మూగబోయింది. స్టూడియోకి డబ్బు పెట్టినా అంతకంటే మంచి ఫలితం నాకు దొరికేది కాదు.

ఇక మంట. తోలు డప్పును కాచకుండా కొట్టరు. చితుకులు, ఎండుగడ్డి, పాత కాగితాలు వేసి మంట పెట్టి, తోలు పక్కను సెగకు తిప్పుతూ ఉంటారు. తడి పోతుంది, తోలు బిగుస్తుంది, వేలితో తడితే ఖంగుమంటుంది. తాత మధ్య మధ్య వేలితో తట్టి చూసి "ఇంకింత" అనేవారు. ఆ వేలిదే శ్రుతి పెట్టె. వేడి ఆరే కొద్దీ చప్పుడు దిగుతుంది. ఇది కిట్ చేసేవాళ్లకి పెద్ద సమస్య. మొదటి నిమిషంలో తీసిన సిర్ర నడుమ, పావుగంట తర్వాత తీసిన సిర్ర అంచు ఒకే కిట్‌లో పెడితే అవి రెండు డప్పుల్లా వినిపిస్తాయి. నేను ఏం చేశానంటే, ఒక్కసారి మంటకు కాచడాన్ని ఒక కాపు అనుకుని, ఒక్కో కాపుకి అన్ని రకాలూ ఒకసారి కొట్టించాను. చల్లారితే మళ్లీ కాచాం, మళ్లీ అన్నీ. ఆరు కాపులయ్యాయి. చివరికి కిట్‌లో ఉన్న పదహారూ మూడో కాపువి. ఒకే వేడి మీద, ఒకే మనిషి, ఒకే ఊపు.

ఇప్పుడు ఫైబర్ డప్పులు వచ్చాయి. ప్లాస్టిక్ తోలు, ఇనుప కట్టు. మంట అక్కర్లేదు, వానలో కూడా మోగుతాయి, పిల్లలు నేర్చుకోవడానికి తేలిక. వాటిని తక్కువ చేసి మాట్లాడను. కానీ కిట్ పేరులో అది ఫైబర్ డప్పో తోలు డప్పో రాయండి. వినేవాడికి తేడా తెలియాలి.

కోయడం గురించి. దెబ్బ మొదలయ్యే చోటు దగ్గర తెరను బాగా పెద్దది చేసి చూడండి. చప్పుడు గీత నిద్రలోంచి లేచినట్టు ఒక్కసారి పైకి లేస్తుంది. కోత సరిగ్గా అక్కడ, దానికి ఒక వెంట్రుక ముందు పడాలి. ముందు ఖాళీ ఉండిపోతే ప్యాడ్ నొక్కిన తర్వాత ఆలస్యంగా మోగుతుంది. సెకను చప్పుడును 44,100 సన్నటి కొలతలుగా దాచే రికార్డింగ్‌లో 441 కొలతల ఖాళీ వదిలితే 10 మిల్లీసెకన్లు. కాగితం మీద ఏమీ కాదు. తీన్మార్ వేగంలో పెట్టి చూడండి, కాలు తడబడుతుంది. చివర మాత్రం తొందర వద్దు. మోత పూర్తిగా చచ్చేదాకా ఉంచి, ఆఖరున చప్పుడు మెల్లగా తగ్గేలా కొంచెం ఫేడ్ పెట్టండి, టిక్కుమని తెగకుండా.

అన్ని చప్పుళ్లనూ ఒకే గట్టితనానికి లాగే మీట, నార్మలైజ్, ప్రతి యాప్‌లోనూ ఊరిస్తుంది. ఒక్కొక్క ముక్కకీ విడివిడిగా దాన్ని నొక్కకండి. చిటికెన పుల్ల మెల్లగానే ఉండాలి. దాన్ని సిర్రతో సమానంగా లేపితే డప్పు చేతులు రెండూ తారుమారవుతాయి. రికార్డింగ్ మొత్తాన్ని ఒకేసారి పెంచండి, తర్వాత కోయండి. వాటి మధ్య ఉన్న తూకం తాత పెట్టినది, మనం పెట్టినది కాదు.

రొద తగ్గించే సాధనాలు కూడా అంతే. ఆ జీర ఉంది చూడండి, ఒక మిత్రుడు విని "తీసేయ్, క్లీన్‌గా ఉంటుంది" అన్నాడు. తీసి చూశాను. నిజంగానే శుభ్రంగా ఉంది. ఏ ఊరిదో, ఎవరిదో తెలియనంత శుభ్రంగా. వెంటనే వెనక్కి పెట్టేశాను.

ప్యాడ్‌ల మీద ఎక్కడ ఏది పెట్టాలి? ఇక్కడ రెండు దారులు. మొదటిది ప్రపంచం నడిచే దారి. సంగీత యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాషను మిడి అంటారు; అందులో 1991లో జనరల్ మిడి అనే పద్ధతి వచ్చింది. అందులో డ్రమ్ములకు పదో చానెల్ కేటాయించారు, ఒక్కో చప్పుడుకి ఒక నంబరు. 36 బాస్ డ్రమ్, 38 స్నేర్, 42 మూసిన హైహ్యాట్, అంటే జంట తాళాలు, 46 తెరిచిన హైహ్యాట్. మీరు సిర్ర నడుమను 36 మీద, అంచును 38 మీద, చిటికెనను 42 మీద పెడితే, ఎవరో ఎక్కడో రాసిన బీట్ మీ డప్పు మీద వెంటనే మోగుతుంది. వాడకం పెరుగుతుంది. కానీ అది డప్పు వేషం వేసుకున్న డ్రమ్ సెట్ నడకే అవుతుంది. రెండోది చేతుల దారి. కుడి బొటనవేలి కింద సిర్ర రకాలన్నీ, ఎడమ బొటనవేలి కింద చిటికెన రకాలన్నీ. తాత చేతుల అమరికే మీ వేళ్ల అమరిక. ఇలా పెట్టిన రోజు నా చేతిలో మొదటిసారి నడక లాంటిదేదో వచ్చింది. నేను రెండు అమరికలూ చేసి, ఒకే జిప్‌లో పెట్టి ఇస్తాను. అదే పదహారు చప్పుళ్లు, రెండు పటాలు.

ఫోన్ తెరకు మన దెబ్బ బరువు సరిగా తెలియదు. 2011లో ఐప్యాడ్‌కి గ్యారేజ్‌బ్యాండ్ వచ్చినప్పుడు పరికరంలోని కదలికల సెన్సర్‌తో ఆ బరువును అంచనా వేసే ఏర్పాటు పెట్టారు. చాలా యాప్‌లలో అది ఉండదు, ఎలా తట్టినా ఒకటే చప్పుడు. అదే ముక్క మళ్లీ మళ్లీ మోగితే కుట్టుమిషన్‌లా ఉంటుంది. అందుకే ముఖ్యమైన దెబ్బకి మూడు నాలుగు ప్యాడ్‌లు ఇవ్వండి. గట్టిది, మధ్యస్థం, మెల్లది, ఇంకో గట్టిది. రెండు గట్టి దెబ్బలు ఒకేలా ఉండవు, వాటి మధ్య వేలు మార్చుకుంటూ పోతే ప్రాణం వస్తుంది.

ఆపిన దెబ్బకి ఒక చిట్కా ఉంది. తెరిచిన దెబ్బ మోత ఇంకా సాగుతుండగా ఆపిన దెబ్బ కొడితే, నిజమైన డప్పులో మొదటి మోత చచ్చిపోతుంది, ఎందుకంటే తోలు ఒకటే. ఫోన్‌లో రెండూ మోగుతూనే ఉంటాయి. దానికి చాలా శాంప్లర్లలో చోక్ గ్రూప్ అని ఒకటి ఉంటుంది. ఆ రెండు ప్యాడ్‌లనూ ఒకే గ్రూపులో వేస్తే ఒకటి మోగగానే ఇంకోటి ఆగుతుంది. ఇది పెట్టని కిట్, పెట్టిన కిట్ పక్కపక్కన వినండి.

(రెండూ వినిపించారు.)

మొదటిదానిలో పుల్లలు వినపడుతున్నాయి. రెండోదానిలో చెయ్యి కూడా వినపడుతోంది.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఇవన్నీ పరీక్షించకండి. అందులో చప్పుడు 100 మిల్లీసెకన్లకు పైగా ఆలస్యం కావడం మామూలే. వైరు ఉన్నవి వాడండి.

ఇక పంచడం. ముందు సాంకేతికం చెప్పేస్తాను. వేవ్ ఫైళ్లే పంపండి. ఎంపీత్రీ చేస్తే, ఆ ఫార్మాట్ పనిచేసే తీరు వల్ల మొదట్లో చిన్న ఖాళీ చేరుతుంది, 20 మిల్లీసెకన్లకు పైగా. పాటకు ఫరవాలేదు, దెబ్బకు ప్రాణాంతకం. ఇంత కష్టపడి వెంట్రుక దగ్గర కోసింది అక్కడ పోతుంది. సైజు భయం అక్కర్లేదు. ఒకే చానెల్, 16 బిట్లు, 44,100 రికార్డింగ్ సెకనుకు 88,200 బైట్లు. పదహారు ముక్కలు, ఒక్కోటి సెకనున్నర అనుకుంటే మొత్తం 2 ఎంబీ పైచిలుకు. ఒక ఫోటో అంత. అన్నిటినీ ఒక జిప్ చేసి, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. ఒక యాప్ కిట్ ఇంకో యాప్‌లో మామూలుగా తెరుచుకోదు. అందుకే మీ యాప్ కిట్ ఫైలుతో పాటు విడి వేవ్ ఫైళ్లు కూడా ఉండాలి. అవి ఉంటే ఎవరైనా తమ యాప్‌లో మళ్లీ పేర్చుకోగలరు. పదేళ్ల తర్వాత ఆ యాప్ పోయినా చప్పుడు పోదు.

ఇప్పుడు ఆ జిప్‌లో నేను పెట్టే ఇంకో ఫైలు. ఉత్త టెక్స్ట్ ఫైలు, పది పన్నెండు లైన్లు. ఎవరు కొట్టారు, ఏ ఊరు, ఏ తేదీ, తోలు డప్పా ఫైబరా, ఎన్నో కాపు, ఏ పుల్లలు, ఎవరు రికార్డు చేశారు, ఎలా వాడుకోవచ్చు. మొదటి లైనులో తాత పేరు. ఫైలు ఎవరూ తెరవకపోవచ్చు కదా అని, ప్రతి వేవ్ ఫైలు పేరులో కూడా ఆయన పేరు పెట్టాను. జిప్ విప్పి ముక్కలు చెదిరిపోయినా ఒక్కో ముక్క మీదా పేరుంటుంది.

దీన్ని మర్యాద అని మాత్రమే అనుకోకండి. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అందులో 38వ సెక్షన్ ప్రదర్శన ఇచ్చిన కళాకారుడి హక్కును గుర్తిస్తుంది, అది 50 ఏళ్లు ఉంటుంది. 2012 సవరణలో 38బి చేరింది. కొట్టింది నేనే అని గుర్తింపు కోరే హక్కు, తన ప్రదర్శనను పరువు పోయేలా వికృతం చేస్తే అడ్డుకునే హక్కు అందులో ఉన్నాయి. తాత నన్ను అడిగిన ప్రశ్న, "కొట్టింది నేనే అని ఎట్ల ఎరుక" అన్నది, చట్టంలో రాసి ఉంది. ఆయన చట్టం చదవలేదు. నేనూ అప్పటికి చదవలేదు.

డప్పు విషయంలో ఇది ఇంకా బరువైన మాట. తరతరాలుగా ఊరి పెళ్లికీ చావుకీ జాతరకీ డప్పు కావాలి, కొట్టిన మాదిగ ఇంటి మనిషి మాత్రం గుడి బయట, పందిరి బయట నిలబడాలి. చప్పుడు లోపలికి పోతుంది, మనిషి పోడు. నా మొదటి కిట్‌లో నేను చేసింది సరిగ్గా అదే. చప్పుడు తీసుకుని మనిషిని బయట నిలబెట్టాను. తెలియక చేశాననడం ఆయనకు ఏ విధంగానూ ఊరట కాదు.

లైసెన్స్ సంగతి కూడా ఆయనతో కూర్చుని మాట్లాడాం. క్రియేటివ్ కామన్స్ అని కొన్ని తయారు లైసెన్సులున్నాయి. ఒకటి, పేరు చెప్పి ఎవరైనా దేనికైనా వాడుకోవచ్చు. ఇంకోటి, పేరు చెప్పాలి, డబ్బు సంపాదనకు వాడకూడదు. మరోటి, ఏ షరతూ లేదు. బార్సిలోనాలోని పాంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయం నుంచి 2005లో మొదలైన ఫ్రీసౌండ్ లాంటి చోట్ల ఇవే నడుస్తాయి. ఒకసారి ఇచ్చిన లైసెన్స్‌ను, దాని కింద తీసుకున్నవాళ్ల దగ్గర్నుంచి వెనక్కి తీసుకోలేం. ఇది కళాకారుడికి ముందే తెలుగులో, నెమ్మదిగా చెప్పాలి. నేను చెప్పాను. "ఎవరైనా దీనితో పాట చేసి అమ్ముకోవచ్చు తాతా, ఇష్టమేనా?" అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "పాట జేసి అమ్ముకుంటే అమ్ముకోనీ. బతుకుదెరువు గద. డప్పు నాదని చెప్పాలె" అన్నారు. మొదటి రకం లైసెన్స్ పెట్టాం. ఆ రోజు పనికి ఆయన బయట ప్రోగ్రాంకి తీసుకునేంత ఇచ్చాను, ముందే మాట్లాడుకుని.

ఒకటి ఆయన ఇవ్వలేదు. చావు దెబ్బ. "ఇంట్ల కొట్టొద్దు" అన్నారు. నేను మళ్లీ అడగలేదు. కిట్‌లో ఆ వరస లేదు.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(ఒక కుర్రవాడు: అన్నా, మైకు కొనాలా, ఫోన్ చాలా?)

ఫోన్‌తో మొదలుపెట్టు తమ్ముడూ. ఈ కిట్ ఫోన్‌తోనే చేశాను. డబ్బులుంటే మైకు కంటే ముందు ఆ పెద్దమనిషికి ఇవ్వు. మంచి మైకు అరువు దొరుకుతుంది.

(ఒకరు: సినిమా పాటలోంచి దెబ్బ కోసి కిట్‌లో పెట్టి పంచవచ్చా?)

వద్దండి. ఆ రికార్డింగ్ మీద హక్కు ఇంకొకరిది. యాప్‌తో వచ్చిన చప్పుళ్లు కూడా అంతే. పాటలో వాడుకోనిస్తారేమో గానీ, వాటినే మళ్లీ కిట్‌గా పంచడానికి చాలా కంపెనీలు ఒప్పుకోవు. షరతులు చదవండి. అయినా ఇంటి బయట ఇన్ని చప్పుళ్లుండగా ఎందుకు?

(ఒక అమ్మాయి: మా ఇంట్లో వాయిద్యాలు లేవు. మగ్గం ఉంది. దాంతో కిట్ అవుతుందా?)

అవుతుందా ఏమిటమ్మా! నాడె అటు నుంచి ఇటు పోయే చప్పుడు, పలక దగ్గరికి కొట్టే చప్పుడు, తొక్కుడు కర్రల చప్పుడు. మగ్గం ముందు నుంచే తాళంలో ఉంటుంది. విడి చప్పుళ్లు అడగకు, నాన్న నేస్తున్నప్పుడు పక్కన ఫోన్ పెట్టు. పది నిమిషాల నేత చాలు. అచ్చు మధ్యలో దారం తెగితే ఆగిన చప్పుడు కూడా ఉంచు. జిప్‌లో నాన్న పేరు రాయి, ఆ చీర రకం కూడా రాయి. నాకు పంపు, మొదట నేను వాడతాను.

(ఒకరు: తాత గారు ఈ కిట్ విన్నారా? ఏమన్నారు?)

విన్నారు. నా ఫోన్ తీసుకుని సిర్ర ప్యాడ్ ఒకటే పది సార్లు నొక్కారు. తర్వాత ఎడమ బొటనవేలుతో చిటికెన వెతుక్కున్నారు. కాసేపటికి రెండు వేళ్లూ నడక పట్టుకున్నాయి. నాకు ఆరు నెలలు పట్టింది అది. ఆపి, "అతుకు బాగనే ఇనపడుతుంది" అన్నారు.

ఇదిగో, తాత లేచారు. బయట చితుకులు పేర్చి ఉంచాం. డప్పు కాగడానికి పది నిమిషాలు పడుతుంది. ఈలోగా మీ ఫోన్‌లు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, రొద తగ్గించే మీట ఆపండి, వేవ్ ఫార్మాట్ ఎంచుకోండి. నాలుగు అడుగుల దూరంలో నిలబడండి, గాలికి ఎదురుగా వద్దు. ఆయన పేరు ఎలా రాయాలో ఆయన్నే అడిగి ఇప్పుడే రాసుకోండి. పదండి, వేడి ఆరకముందే.